ఆల్బమ్‌ల ఏడో పేజీ

పన్నెండు కావస్తున్నది. అందరు పండుకున్నరు. నాకు నిద్ర పడ్తలేదు. పొద్దున స్టూడియోల చూసిన ఫొటో కండ్ల ముందల్నుంచి కదులుతలేదు. ఇయ్యాల రాసుకోకుంటె రేపు కూర కలుపుకుంట కూడ ఇదే ఆలోచిస్త.

మా పెద్దబిడ్డ నిశ్చితార్థం మొన్ననే మంచిగ అయింది. ఆల్బమ్ డిజైన్ చూసుకుందురు రమ్మని స్టూడియో పిలగాడు ఫోన్ చేసిండు. ఈయనకు ఇసుంటివి పట్టవు. నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు కూరగాయల పని కూడ ఉండె, నేనే పోయిన. పిలగాడు కుర్సీ వేసిండు, చాయ్ తెప్పించిండు, పెద్ద స్క్రీన్ మీద ఒక్కొక్క పేజీ జరిపిండు. ఏడో పేజీల నేను, మా అక్క పక్కపక్కన నిలవడి నవ్వుతున్నం. పండ్లు మల్లెమొగ్గల లెక్క మెరుస్తున్నయి.

నావి కావు ఆ పండ్లు. అక్కవి కూడ కావు.

"మీ ఇద్దరి పండ్లు సెట్ చేసిన అక్కా, ఎక్స్‌ట్రా పైసలేం లేవు" అన్నడు. ఎవరు చెయ్యమన్నరు అని అడిగిన. "ఒకరు చెప్పాల్నా అక్కా, మర్రిగూడ, మునుగోడు దిక్కోళ్ళయి మేమే చేసేస్తం. అందరు ఖుషీ అయితరు" అన్నడు. ఆ మాటల ఇంత కూడ చెడ్డతనం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకున్నది. గోడకు పెచ్చు ఊడితె పూత పెట్టినట్టు, అడిగేదేముంది అన్నట్టు చెప్పిండు. తీసెయ్, ఎట్లున్నయో అట్లనే పెట్టు అని లేచి వచ్చిన. తోటకూర సంచి ఆడనే మర్చిపోయిన. నేను ఇల్లు చేరకముందే వాట్సాప్‌ల రెండు ఫొటోలు పంపిండు, దిద్దింది ఒకటి, దిద్దనిది ఒకటి.

నా పండ్లకు చిన్నప్పట్నుంచి గోధుమరంగు మరకలు. బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. మా మర్రిగూడ, మునుగోడు దిక్కు దానికి ఎన్నో రెట్లు ఉంటుండె. చిన్నప్పుడు, ఎనిమిదేండ్ల లోపట, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఆ నీళ్ళు దాన్ని చెడగొడ్తయి. మరక పన్ను మీద లేదు, పన్నులనే ఉన్నది. ఎంత తోమినా పోదు.

తోమి చూసినోళ్ళం కాబట్టి చెప్తున్న. నేను మూడో తరగతిల ఉన్నప్పుడు మా బడికి కొత్త సారు వచ్చిండు. మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ నీళ్ళు తాగే ఊరాయనది. మొదటి రోజు హాజరు పిలుసుకుంట పిలుసుకుంట ఆగిండు. "అందరు వరుసల నిలవడుండ్రి, పండ్లు చూపెట్టుండ్రి" అన్నడు. ఏదో ఆట ఆడిపిస్తడనుకొని మేం సంబురంగ చూపెట్టినం. ఆయన ఒక్కొక్కల గదువ పట్టి, ముఖం లేపి చూసుకుంట పోయిండు. ఆఖరి పిల్ల కాడికొచ్చేసరికి ఆయన ముఖం మాడిపోయింది. "ఒక్కరన్న పండ్లు తోముకొని వస్తరా మీరు?"

తెల్లారి వేపపుల్లలు ఇరిపిచ్చి, బొగ్గు నూరిపిచ్చి, ప్రార్థన కాకముందే బోరింగు కాడ అందరిని కూసోబెట్టి తోమిపిచ్చిండు. నా పక్కపిల్లకు చిగుర్లకెల్లి నెత్తురొచ్చింది. పుక్కిలించి ఉమ్మి మళ్ళ చూపెట్టినం. పుక్కిలించింది కూడ ఆ బోరింగు నీళ్ళే. అవే పండ్లు. నడుమ పట్టీ లెక్క గోధుమరంగు, అంచులకు సున్నపు మచ్చలు. రోజూ ఇదే. బొగ్గు సరిపోదని ఒకరోజు ఇటుకపొడి కూడ పెట్టిపిచ్చిండు.

నానమ్మకు చెప్పిన. ఆమె అప్పటికే నడుము వంగి, ఒక చెయ్యి మోకాలు మీద ఆనిచ్చుకొని నడుస్తుండె. సారును తొవ్వల చూసిందట. "ఆయనయేంది బిడ్డా, గోడకు సున్నం గొట్టినట్టున్నయి, పెట్టుడు పండ్లా?" అన్నది. వెక్కిరించి అనలె, పాపం అన్నట్టే అడిగింది. నాక్కూడ సారు నవ్వితె నోట్ల ఏదో తెల్లది అడ్డం పెట్టుకున్నట్టు భయమే అయితుండె.

పదిహేను రోజులకు ఆయనకు ఎవరో చెప్పినట్టున్నరు. సోమవారం బస్సు దిగేటప్పుడు చేతిల రెండు డబ్బాల నీళ్ళు. ఆ వారమంత అవే తాగిండు. తోముడు బందైంది. మాతోని మాత్రం ఒక్క మాట అనలె. మీ తప్పు కాదు పిల్లలూ, ఈ నీళ్ళు తాగకుండ్రి అని ఒక్క మాట. ఆ కోపం నాకు ఇప్పటిదాక తీరలె. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళల్ల ఫ్లోరైడ్ దించే పద్ధతిని నాగపూర్‌ల నీరి అనే పరిశోధన సంస్థోళ్ళు 1970లల్లనే తయారు చేసిండ్రు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. పేరు మా జిల్లాది. మా బడి కుండల దాకా అది రాలె.

సాయంత్రం నుంచి ఫోన్ల ఈ అందం సంగతే సదువుతున్న. 1990ల అమెరికాల ఇద్దరు పరిశోధకులు 32 మంది ముఖాలను కంప్యూటర్ల ఒకదాని మీద ఒకటి కలిపి ఒక్క ముఖం చేసిండ్రట. ఎవ్వరిది కాని ఆ ముఖమే అసలు ముఖాలల్ల చాలావాటికన్న అందంగ ఉన్నదని చూసినోళ్ళు అన్నరట. చదవంగనే నాకు మా మూడో తరగతి వరుస కండ్లల్ల మెదిలింది. మా 32 మందిని కలిపితె పండ్లు ఏ రంగుల వస్తయి? మా ఊర్ల పండ్లంటె అవే. సారువే వేరు. అగో జపాన్‌ల పెండ్లయిన ఆడోళ్ళు పండ్లకు నల్లరంగు వేసుకునుడే అందమంటుండ్రి, 1873ల వాళ్ళ మహారాణి మానేసినంక మెల్లగ పోయింది. అంత దూరమెందుకు, మా వెనుకింటి బీబమ్మ పండుగొస్తె మిస్సి రుద్దుకొని, నల్లగైన పండ్లను అద్దంల చూసుకొని మురిసేది. అంటె అంతా అలవాటే. కన్ను దేనికి మరిగితె అదే అందం.

ఇంతదాక రాసి ఆగిన. ఇట్లనే ముగిద్దామనుకున్న, కని చిన్నత్త యాదికొచ్చింది.

మా నాయిన చెల్లె. నాట్లకు పోతుంటె కల్లం కాడ ముసలోళ్ళు కూడ మాట ఆపి చూస్తుండ్రి. ఆమె అందగత్తె కాదని అన్నోళ్ళను నేను మా ఊర్ల వినలె. అన్నదమ్ముల పొత్తు కాడ, గట్టు పంచాయితీ కాడ పడని ఇండ్లోళ్ళు కూడ ఆ మాట మీద ఒక్కటే. పండ్లు మావే, అవే గోధుమ పట్టీలు. అందరికి ఒక్కతీరు ఉన్నయి గనుక పండ్లను ఎవ్వలు లెక్కలకు తీసుకోలె. కని మిగిలింది ఉన్నది కద, ఆ కండ్లు, ఆ మెడ, ఆ నడక, దాన్నైతె ఊరంత ఒక్కతీరుగనే చూసింది. నేర్పింది ఎవరు? రెండు మూడు నెలల పిల్లలు కూడ పెద్దోళ్ళు అందమన్న ముఖాన్నే ఎక్కువసేపు చూస్తరని పరిశోధనలల్ల తేలింది. అంత పసికందుకు అలవాటెక్కడిది? అందుకే అంతా అలవాటు అన్న మాట నేను వెనుకకు తీసుకుంటున్న.

మరి కాలువ దిక్కు నుంచి వచ్చిన పెండ్లిచూపులోళ్ళు? చిన్నత్త చాయ్ ఇచ్చి నవ్వింది. అదే నవ్వు. బయటికొచ్చినంక వాళ్ళ పెద్దామె మా నానమ్మను పక్కకు పిలిచి, "పిల్ల పొగాకు నములుతదా?" అని అడిగింది. మళ్ళ కబురు రాలె. మూడు సంబంధాలు అట్లనే పోయినంక ఊర్లనే ఇచ్చిండ్రు. ఇప్పటికీ ఆమె నవ్వితె కొంగు నోటికి పోతది.

ఒక మాట దాచిన ఇందాక. స్టూడియోల ఏడో పేజీ రాంగనే, నాకు కోపం రాకముందు, ఒక్క రెండు నిమిషాలు కూడ కాదు, రెండు క్షణాలు, అబ్బ ఎంత మంచిగున్న అనుకున్న. ఆ తర్వాతనే నావి కావని తెలిసింది. కోపం పిలగాని మీద చూపెట్టిన. నన్ను పండనిస్తలేనిది ఆ రెండు క్షణాలు.

మాపటీలి రెండు ఫొటోలు అక్కకు పంపిన. పది నిమిషాలల్ల దిద్దిందాన్ని డీపీ పెట్టుకున్నది. ఫోన్ చేసి తిట్టిన. ఒక్క గంజి తాగి, ఒక్క బోరు నీళ్ళు తాగి పెరిగినోళ్ళం, నీకిట్ల ఎట్ల నచ్చింది అన్న. ఒకే ఇంట్ల పెరిగిన కవలలకు కూడ ముఖాల దగ్గర ఇష్టాలు కలవ్వని 2015ల ఒక పరిశోధన చెప్పిందట, మాకు కలవాలని ఏమున్నది. అక్క సక్కగ విన్నది. విని, "నలభై ఏండ్లు చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్విన చెల్లె. ఒక్క ఫొటోల నన్ను నవ్వనియ్యి" అన్నది.

నాకు మాట రాలె. ఫోన్ పెట్టేసినంక చానసేపు ఆ డీపీనే చూసిన. అక్క నిజంగనే అందంగ ఉన్నది. దిద్దని ఫొటోల కూడ అంతే అందంగ ఉన్నది, కని అది ఆమెకు కనపడదు. నేను చెప్తె కనపడేది కాదు.

ఇప్పుడే పిలగానికి మెసేజ్ పెట్టిన: "తమ్మీ, ఏడో పేజీల మా అక్కయి తెల్లగనే ఉంచు. నావి మాత్రం నావే పెట్టు. తోటకూర సంచి రేపు పొద్దుగాల వచ్చి తీసుకపోత."

ఒక్క టిక్కే వచ్చింది. పండుకున్నట్టున్నడు.