విరేచనాలు ఆపే మాత్ర ఎవరికి వేయాలి, ఎవరికి వేయకూడదు

వానలు మొదలైతే విశాఖలోని మందుల షాపుల దగ్గర తరచుగా వినిపించే మాట "మోషన్స్ ఆగే మాత్ర ఇవ్వండి" అన్నదే. మొన్న మద్దిలపాలెంలో ఒక పెద్దావిడ అలాగే అడిగితే, కౌంటరులోని కుర్రాడు స్ట్రిప్పులోంచి రెండు మాత్రలు కత్తెరతో కత్తిరించి చేతిలో పెట్టాడే తప్ప ఎవరికి, వయసెంత, జ్వరం ఉందా, రక్తం పడుతోందా అని అడగలేదు. "ఎవరికమ్మా?" అని నేను అడిగితే, "మనవడికి బాబూ, ఏడాదిన్నర వాడు" అన్నది. ఆ మాత్ర లోపెరమైడ్. రెండేళ్లలోపు పిల్లలకు దానిని ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. ఆ మాటే చెప్పి, మాత్రలు వెనక్కి ఇప్పించి, ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) ప్యాకెట్లు ఇప్పించి, బాబును డాక్టరుకు చూపించమన్నాను.

లోపెరమైడ్ నల్లమందు కోవకు చెందినదే అయినా, మామూలు మోతాదులో మెదడుకు చేరదు గనుక మత్తు కలిగించదు. పేగు గోడలోని నరాల మీద పనిచేసి పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. లోపలి పదార్థం ఎక్కువసేపు నిలవడంతో అందులోని నీటిని, లవణాలను తిరిగి పీల్చుకునే వ్యవధి పేగుకు దొరికి, విరేచనాలు తగ్గుతాయి. జబ్బుకు కారణమైన క్రిమిని మాత్రం అది తాకదు. జ్వరంతో పాటు రక్తమో జిగటో పడుతున్నప్పుడు వేసుకుంటే క్రిములూ వాటి విషాలూ పేగులోనే నిలిచిపోతాయి, ఒక్కోసారి పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోతుంది. పసిపిల్లల్లో పేగు కదలిక స్తంభించి, ప్రాణం మీదికి రావచ్చు.

జ్వరమూ రక్తమూ లేని నీళ్ల విరేచనాలతో రైలెక్కవలసిన పెద్దవాళ్లకు ఈ మందు ఊరటనిస్తుందనడంలో సందేహం లేదు. మొదట 4 మిల్లీగ్రాములు, తరువాత పలుచగా అయినప్పుడల్లా 2 మిల్లీగ్రాములు. డాక్టరు చెప్పకుండా రోజుకు 8 మిల్లీగ్రాములు దాటకూడదు. మోతాదు మరీ మించితే గుండె లయ తప్పుతుంది. రేసెకడోట్రిల్ అనే మరో మందు ఉంది. అది పేగు కదలికను ఆపదు, పేగులోకి ఊరే నీటిని తగ్గిస్తుంది. అందుకే పిల్లల డాక్టర్లు కొన్నిసార్లు దానిని ఓఆర్ఎస్‌తో కలిపి రాస్తారు.

అయితే విరేచనాల్లో ప్రాణాలు తీసేది చాలావరకు ఒంట్లోని నీరు, లవణాలు పోవడమే. పేగు గ్లూకోజును పీల్చుకునేటప్పుడు సోడియంను కూడా వెంట తీసుకుపోతుంది, దాని వెనుకే నీరు వెళుతుంది. కలరాలో సైతం ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించే వేలమందిని కాపాడారు.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం పొడి దాచుకోకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లవాడు వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా మళ్లీ పట్టాలి, తల్లిపాలు మానకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్‌ను, మధ్యలో విరేచనాలు తగ్గినా ఆపకుండా, మొత్తం 14 రోజులు వేయాలి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ తాగలేక సోలిపోతున్నా ఇంట్లో వైద్యం ఆపి వెంటనే విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గరలోని ఆసుపత్రికో తీసుకుపోవాలి.