పొద్దున మినిమం, మధ్యాహ్నం మాక్సిమం

మా స్పోర్ట్స్ కారు డాష్ మీద వెలుగుతున్న ఆ పసుపు ఆయిల్ దీపం సంగతి తేలేదాకా నిద్ర పట్టేలా లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ మినిమం దగ్గరుందని చూపించింది. మధ్యాహ్నం అదే బండి, అదే ఆయిల్. చుక్క పోసింది లేదు, చుక్క కారిందీ లేదు. స్క్రీన్ మీద లెవెల్ బార్ మాత్రం నిండా ఉంది. సాయంత్రానికి మళ్ళీ ఖాళీ. ఇంజను ఆయిల్ తాగుతోందంటే నమ్ముతాను. తాగినదాన్ని మధ్యాహ్నం తిరిగి ఇచ్చేసిందంటే ఎలా నమ్మను?

ఈయన సంగతి మీకు తెలిసిందే. "ఒక లీటరు పోసేస్తే పోలా? తక్కువుండే కన్నా కాస్త ఎక్కువుండటం నయం కదా" అన్నారు. సరే అని సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయిదీ అదే మాట. ఇంజను వేడి మీద ఉన్నప్పుడు చూశారా, బండి చదునుగా నిలబెట్టారా, ఆపాక ఎంతసేపు ఆగారు... ఒక్కటీ అడగలేదు. "పోసేయండి మేడమ్, దీపం పోతుంది." నాకు కావాల్సింది దీపం పోవడమా?

మాక్సిమం దాటి పోస్తే ఇంజను అడుగున తిరిగే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్, వెళ్ళి ఆయిల్‌కి తగులుతుంది, తిరిగే వేగానికి దాన్ని చిలికి నురగ చేస్తుంది. నురగంటే సగం గాలే. ఆ ఇరుసుని మోసే బేరింగులో లోహం లోహానికి తగలకుండా కాసేది పల్చటి ఆయిల్ పొర, ఆ పని గాలి వల్ల కాదు. ఇంకొంత ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా ఇంజను గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి పోయి పొగ పెడుతుంది, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. తక్కువైతే మరో బాధ. వేగంగా పొడుగాటి మలుపు తిరిగేటప్పుడు సంపులో, అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిలంతా ఒక పక్కకి ఒరిగిపోతుంది, పంపు నోటికి అందదు. మామూలు బండికైతే కొంత చెల్లుతుందేమో గానీ స్పోర్ట్స్ కారుకి మినిమం, మాక్సిమం గీతల మధ్య ఉండి తీరాల్సిందే. అందుకే "పోసేయండి" అంటే నాకు ఒళ్ళు మండింది.

దానికి తోడు ఈయన, "ఎర్ర దీపం రాలేదుగా, కంగారెందుకు" అని. ఎర్రది ప్రెషర్ దీపం. అది వెలిగిందంటే బేరింగులకి ఆయిల్ సరిగ్గా అందడం లేదని. అప్పుడు చేయగలిగింది వెంటనే ఇంజను ఆపడం ఒక్కటే. పసుపుది లెవెల్ దీపం, అంతదాకా రానివ్వకుండా ముందే చెప్పడానికి పెట్టినది. ఎర్రది వచ్చేదాకా ఆగుదాం అనే మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినను.

అసలు ఈ ఇంజనుకి డిప్‌స్టిక్కే, అంటే ఆయిల్ కొలిచే కడ్డీయే, లేదు. చూసుకోవాలంటే లోపలి సెన్సర్ కొలత చూపించే స్క్రీనే దిక్కు. మావయ్య ఉంటే ఏమనేవాడో! ఆ షెడ్డులో నేను మొదటిసారి నిలబడ్డప్పుడు బానెట్ అంచు నా గడ్డం దాకా వచ్చేది. మావయ్య కడ్డీ లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి, మెల్లగా తీసి నా చేతికిచ్చేవాడు. "చెప్పమ్మాయ్, ఎంతుంది?" మొదట తీసినప్పుడు చూడనిచ్చేవాడు కాదు, గొట్టం గోడలకి అంటిన ఆయిలంతా కడ్డీకి రాసుకుని వస్తుందని. రెండోసారి తీసినా ఒక పక్క తడి పైదాకా ఉండేది, ఇంకో పక్క కిందనే ఆగేది. తక్కువ చూపించిన పక్కనే నమ్మాలి, రెండోది గోడకి రాసుకున్న తడి. కొత్త ఆయిల్ అయితే అసలు కనపడేది కాదు. కడ్డీని అడ్డంగా పట్టుకుని వెలుతురు వైపు కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, ఒకచోట సన్నటి గాట్ల మీద తడి అంచు తళుక్కుమనేది. అప్పుడు చెప్పేదాన్ని. చివర్లో వాసన చూడమనేవాడు. పెట్రోలు వాసన గట్టిగా వస్తే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. పోయకుండా లెవెల్ పెరిగినా భయపడాలని నాకు నేర్పింది మావయ్యే. నేను చెప్పేదాకా జవాబు తను చెప్పేవాడు కాదు, బయట బండి వాళ్ళు హారన్ కొడుతున్నా సరే.

కడ్డీయే నయం, సెన్సర్ దండగ అని రాద్దామనే కూర్చున్నాను. ఇంతదూరం రాశాక మనసు మారుతోంది. పాత పోర్షె 911లు, 1998 దాకా వచ్చిన ఎయిర్ కూల్డ్‌వి, డ్రై సంప్ బళ్ళు. ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది. బాగా వేడెక్కాక, చదునైన చోట, ఇంజను ఐడిల్‌లో నడుస్తుండగానే కడ్డీ తీయాలి. చల్లగా ఆగి ఉన్నప్పుడు తీస్తే తక్కువ కనపడుతుంది, తెలియనివాళ్ళు పోసేస్తారు, ఎక్కువైపోతుంది. డాష్ మీద లెవెల్ ముల్లు ఉన్నా, గట్టిగా తోలుతున్నప్పుడు అది కిందికి పడిపోతుంది. ఆయిల్ అప్పుడు ఇంజనులో తిరుగుతూ ఉంటుంది మరి. కాబట్టి కడ్డీకైనా ముల్లుకైనా అడగాల్సిన సమయం ఒకటుంది.

మా సెన్సర్ పద్ధతి కూడా, నిజం చెప్పాలంటే, తెలివైనదే. సంపు అడుగున కూర్చుని లోపలున్న భాగాన్ని కాస్త వేడి చేస్తుంది, అది ఎంతసేపట్లో చల్లారిందో చూస్తుంది. ఆయిల్‌లో ఎంత మునిగి ఉంటే అంత త్వరగా చల్లారుతుంది. ఆయిల్ ఎంత వేడిగా ఉందో కూడా దానికి తెలియాలి. 20 డిగ్రీల నుంచి 90కి వెళ్ళేసరికి ఆయిల్ దాదాపు 5 శాతం ఉబ్బుతుంది. 8 లీటర్లు పట్టే ఇంజనులో అది 400 మిల్లీలీటర్లు. మినిమంకీ మాక్సిమంకీ లీటరు తేడా అనుకుంటే అందులో సగానికి దగ్గర. అయినా ఖాళీ నుంచి నిండుకి గంతు వేయడానికి ఇది చాలదు.

అందుకే సాయంత్రం బండిని స్టాండ్ల మీద నిలబెట్టి అడుగు ప్లేటు విప్పాను. ఇగ్నిషన్ ఆన్, ఇంజను ఆఫ్. పైన చిన్నది, బండి కంప్యూటర్‌కి తగిలించిన స్కానర్ పట్టుకుని, ఆయిల్ టెంపరేచర్ చదువుతోంది. "యాభై రెండు... యాభై రెండు..." కనెక్టర్ వెనక వైరును వేలితో కొద్దిగా కదిపాను. "అమ్మా, మైనస్ నలభై!" వదిలేస్తే మళ్ళీ యాభై రెండు. స్కానర్ తనకొచ్చిన అంకెలోంచి 40 తీసేసి డిగ్రీలు చూపిస్తుంది కాబట్టి, మైనస్ 40 అంటే సున్నా వచ్చిందన్నమాట. అంటే సెన్సర్ మాట మధ్యలో తెగిపోతోంది. ఇద్దరం గట్టిగా అరిచాం సంతోషంతో.

కనెక్టర్ ఊడదీస్తే మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ ఆయిల్ తడి మెరుస్తోంది. అదే సైజు విడి పిన్ను దూర్చి చూస్తే రెండు రంధ్రాలు గట్టిగా పట్టుకున్నాయి, మూడోది వదులు. రంధ్రంలో పిన్నుని పట్టుకునే టెర్మినల్ విచ్చుకుపోయిందా, సెన్సర్ సీలు కారి ఆయిల్ పిన్నుల దాకా పాకిందా, రెండూనా అన్నది ఇంకా తేలాలి. సెన్సర్ మీద కోపం పోయింది గానీ స్క్రీన్ మీద పోలేదు. కొలత అందనప్పుడు "కొలవలేకపోతున్నాను" అని రాస్తే ఏం పోయింది? నిండు బార్ చూపించి ఊరుకోబెట్టడం, ఖాళీ బార్ చూపించి లీటరు పోయించడం, రెండూ ఇంజను ప్రాణం మీదికి తెచ్చేవే.

రేపు పొద్దున బండి కదపకముందే కూలెంట్, ఇన్‌టేక్ గాలి, ఆయిల్, మూడు టెంపరేచర్లూ చూడాలి. రాత్రంతా ఆగిన బండిలో మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఆయిల్‌ది ఒక్కటే వేరుగా ఉంటే సెన్సర్ కూడా మారుస్తాను. ఆయిల్ మార్చే గడువు ఎలాగూ వచ్చింది కాబట్టి, వేడి చేసి మొత్తం దింపి గీతలున్న డబ్బాలో కొలిస్తే లోపల అసలు ఎంతుందో తేలిపోతుంది. నేను కొలిచేదాకా ఆ డబ్బా ఎవరూ ముట్టుకోవద్దని ఈయనకీ చిన్నదానికీ చెప్పేశాను.