ఒకే పేరు, నాలుగు వరుసలు: వీలుకప్ చూపని సమాధానాలు

నా పుస్తకాలను ఎవరెవరికి ఇచ్చానో గుర్తుంచుకోవడానికి ఎక్సెల్‌లో ఒక జాబితా పెట్టుకున్నాను. మొదటి కాలమ్‌లో తీసుకున్నవారి పేరు, రెండవదానిలో పుస్తకం పేరు, మూడవదానిలో తేదీ ఉంటాయి. పేరును వెతికి దాని వరుసలోని సమాచారాన్ని తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్‌ను ఒక మిత్రుడి పేరుతో వేసి చూస్తే ఒక్క పుస్తకమే వచ్చింది కనుక ఆయన దగ్గర ఉన్నది అంతే అనుకున్నాను. కొన్నాళ్ల తరువాత జాబితా మొత్తాన్ని చదివినప్పుడు ఆయన పేరు నాలుగు చోట్ల కనిపించింది.

వీలుకప్ స్వభావమే అది. కచ్చితమైన పోలిక అడిగితే పైనుంచి వెతుకుతూ వెళ్లి, మొదటి పోలిక దొరకగానే ఆగిపోతుంది. ఇండెక్స్, మ్యాచ్ ఫంక్షన్లను కలిపి వాడినా అంతే. ఎక్స్‌లుకప్‌తో కింది నుంచి వెతికించి చివరి నమోదును తెచ్చుకోవచ్చు గాని, అప్పుడూ వచ్చేది ఒక్కటే. పేరు అసలే లేకపోతే ఎర్రర్ కనబడి మనల్ని మేల్కొలుపుతుంది. మూడు వరుసలు వదిలేసినప్పుడు మాత్రం ఏ సూచనా ఉండదు. అందుకే ఇప్పుడు వెతికే ముందు కౌంటిఫ్‌తో ఆ పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కిస్తున్నాను.

ఎక్సెల్ 2021లో, మైక్రోసాఫ్ట్ 365లో, గూగుల్ షీట్స్‌లో ఉన్న ఫిల్టర్ ఫంక్షన్ ఈ పనికి అన్నింటికంటే తగినది. ఏ వరుసలు కావాలో, ఏ షరతు పాటించాలో చెబితే సరిపోయినవన్నీ ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఎక్సెల్‌లో కింది గడులు ఖాళీగా లేకపోతే స్పిల్ ఎర్రర్ వస్తుంది. రెండు షరతులూ నెరవేరాలంటే ఎక్సెల్‌లో ఒక్కొక్కదాన్ని బ్రాకెట్లలో పెట్టి గుణించాలి. గూగుల్ షీట్స్‌లో కామా పెట్టి రెండవ షరతు రాస్తే చాలు.

పాత ఎక్సెల్‌లో ఇండెక్స్, స్మాల్, ఇఫ్‌లను కలిపిన అర్రే ఫార్ములాను కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి నొక్కి ఇచ్చేవారు. అది పనిచేస్తుంది, కానీ నెల తరువాత తెరిస్తే రాసినవారికే అర్థం కాదు. దానికంటే పేర్లకు ఎడమవైపు ఒక సహాయక కాలమ్ చేర్చుకోవడం నాకు నచ్చుతుంది. పేరు బి2లో ఉంటే, సహాయక కాలమ్‌లో ఆ పేరుకు ఒక గీత, ఆ తరువాత బి2 నుంచి ఆ వరుస వరకు ఆ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే కౌంటిఫ్ చేర్చాలి. లెక్క మొదలయ్యే గడిని డాలర్ గుర్తులతో కదలకుండా ఉంచి, ముగిసే గడిని వదిలేయాలి. కిందికి లాగినప్పుడు ప్రతి పేరుకూ ఒకటి, రెండు, మూడు అంటూ సంఖ్య చేరుతుంది. అప్పుడు ఏ రెండు నమోదులూ ఒకేలా ఉండవు కాబట్టి, సంఖ్యతో కలిపిన పేరు ఇస్తే సాధారణ వీలుకప్పే వాటిని ఒక్కొక్కటిగా తెచ్చిస్తుంది.

ఇంత చేసినా మొదట నాకు మూడు పుస్తకాలే వచ్చాయి, కౌంటిఫ్ కూడా మూడనే చెప్పింది. ఒక చోట పేరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి పడి ఉంది. పేర్ల కాలమ్‌ను ట్రిమ్‌తో సరిచేశాక నాలుగవది కూడా వచ్చింది.