22వ విభాగం

శనివారం. ఇంట్లో అందరూ లేచేలోపే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇవాళ 22వ విభాగం పూర్తి చేయాలని నిన్న రాత్రే గట్టిగా అనుకున్నాను.

ఎస్‌ఎఫ్-86 అనే ఈ ఫారం నా ముందుకొచ్చి పది రోజులైంది. అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసేందుకు అనుమతి, కావలసిన ఉద్యోగంలో చేరాలంటే దీన్ని నింపాలి. మనంతట మనం దరఖాస్తు చేసుకునే వీలు లేదు. ఉద్యోగం ఇస్తామన్న సంస్థ మన పేరు పంపితేనే ఫారం తెరుచుకుంటుంది. అచ్చు తీస్తే వందకు పైగా పుటలు. పదేళ్ళుగా ఉన్న ఇళ్ళు, చేసిన కొలువులు, నన్ను బాగా ఎరిగిన ముగ్గురు మనుషులు, తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, వాళ్ళు పుట్టిన తేదీలు, ఊళ్ళు. అమ్మకు ఫోను చేసి పుట్టిన తేదీ అడిగితే, "బడిలో వేయించింది చెప్పనా, అసలుది చెప్పనా?" అంది. పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పమన్నాను. ఇదంతా దేనికని అడిగితే ఉద్యోగానికి అన్నాను. అక్కడితో ఆపేశాను.

22వ విభాగం పోలీసు రికార్డు. మొదటి ప్రశ్నలన్నీ గత ఏడేళ్ళ గురించే. అరెస్టయ్యారా, అభియోగం పడిందా, శిక్ష పడిందా అని. అది చదివినప్పుడు గుండె తేలికపడింది. నా సంగతి 2011 నాటిది. కింద ఇంకో వరస ఉంది, దానికి ఏడేళ్ళ గడువు లేదు. మద్యానికి గాని, మత్తు పదార్థాలకు గాని సంబంధించిన నేరారోపణ "ఎప్పుడైనా" ఎదుర్కొన్నారా అని అడుగుతుంది. ఇంగ్లిషులో ఆ మాటను పెద్ద అక్షరాల్లో అచ్చువేశారు.

2011 మే నెల. కాలిఫోర్నియాలో చదువు అయిపోయిన వారం. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక మిత్రుడి వీడ్కోలు విందులో తాగి, కారు నేనే నడుపుకుంటూ బయలుదేరాను. గది అయిదు నిమిషాల దూరం. పోలీసులు ఆపి ఊదించారు. రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరకూడదు, నాది 0.09. ఎవరినీ గుద్దలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ మాటను ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో లెక్కలేదు. నేరం ఒప్పుకున్నాను. జరిమానా, మూడేళ్ళ ప్రొబేషన్ (కోర్టు షరతులకు లోబడి ఉండటం), తాగి నడిపినవాళ్ళకు పెట్టే మూడు నెలల తరగతులు. ఆ తరగతుల్లో నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఆయన కారు కింద పడినవాడు బతికాడు కాని మళ్ళీ నడవలేదు. ఆయనకూ నాకూ తేడా ఆ రాత్రి రోడ్డు ఖాళీగా ఉండటమే. అప్పటి నుంచి తాగి బండి ముట్టుకోలేదు. కొన్నేళ్ళకు తాగడమే పోయింది.

2014లో ప్రొబేషన్ ముగిశాక లాయరు కోర్టులో అర్జీ పెట్టి ఆ తీర్పును కొట్టివేయించాడు. ఇక నీ జీవితంలో ఇది లేనట్టే అన్నాడు. నేనూ అలాగే నమ్మాను. ఈ ఫారం అలా అనుకోనివ్వదు. కోర్టు కొట్టివేసినా, రికార్డుకు సీలు వేసినా రాయాల్సిందే అని ఆ విభాగం మొదట్లోనే స్పష్టంగా ఉంది. మినహాయింపు చాలా కొద్ది మత్తుపదార్థాల కేసులకే. పైగా వేలిముద్రలు తీసుకుంటారు, ఎఫ్‌బీఐ రికార్డులతో సరిపోలుస్తారు. తెలిసి అబద్ధం రాస్తే అది సమాఖ్య నేరం, అయిదేళ్ళ దాకా జైలు. దాచడానికి నేనేమీ ఆలోచించలేదు. 2019లో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడే ఇది రాశాను, అధికారి ఎదుట చెప్పాను. ఆయన కాగితాలు చూసి ముందుకు వెళ్ళిపోయాడు. మరి ఇప్పుడు చేయి ఎందుకు ఆడలేదు?

ఈ క్లియరెన్స్ విచారణలో మనుషులను అడుగుతారు కాబట్టి. ఇరుగుపొరుగును, పాత సహోద్యోగులను, నేను పేర్లు రాసిచ్చిన ముగ్గురినీ. నా భార్యకు పెళ్ళికి ముందే చెప్పాను. ఆ రాత్రి విందులో ఉన్న ఇద్దరు మిత్రులకు తెలుసు. మా నాన్నకు తెలియదు.

సంస్థలో భద్రతా వ్యవహారాలు చూసే ఆవిడను గురువారం కలిసినప్పుడు నసుగుతూనే విషయం చెప్పాను. ఆవిడ కంగారుపడలేదు. ఒక్కసారి తాగి నడిపి, పద్నాలుగేళ్ళుగా మళ్ళీ ఏ కేసూ లేనివాళ్ళను తాను చాలామందిని చూశానంది. తర్వాత, "ఇది మీవాళ్ళలో ఎవరికి తెలియదు?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. తోడుపడుతుంది, చదువుకోండి అని ఒక పత్రం ఇచ్చింది. క్లియరెన్స్ ఎవరికి ఇవ్వాలో తేల్చే నియమాలవి, 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్నాయి. ఏ నుంచి ఎమ్ దాకా పదమూడు. నేరాలకొకటి, మద్యానికొకటి, అప్పులకొకటి. తప్పు ఎంత పెద్దది, ఎన్నాళ్ళ కిందటిది, అప్పుడు వయసెంత, మళ్ళీ జరిగే అవకాశముందా అని మనిషి మొత్తాన్ని చూసి తూచమని అందులో ఉంది. ఆ భాగం చదువుతుంటే నాకు ఊరటగానే ఉంది.

నన్ను ఆపేసింది వ్యక్తిగత ప్రవర్తన గురించిన నియమం. మనిషి తన గురించి ఏదైనా దాచుకుంటే, ఆ దాచిన దానిని చూపి ఎవరైనా అతన్ని బెదిరించవచ్చు, లొంగదీసుకోవచ్చు అంటుంది. ఆ బలహీనతను పోగొట్టుకోవడానికి అతను తనంతట తానుగా ఏదైనా చేసి ఉంటే, దాన్ని అతని పక్షాన లెక్కించాలి అని కూడా అంటుంది. రెండుసార్లు చదివాను. ఎవరో ఫోను చేసి "మీ నాన్నగారికి చెప్పమంటావా?" అంటే నేనేం చేస్తాను? బేరమాడతాను. నాకు తెలుసు. నలభై దగ్గరపడుతున్నా ఆ ఒక్క మాటకు వణుకుతాను. ఆ వాక్యం రాసినవాళ్ళకు మా ఇంటి సంగతి ఎలా తెలిసిందా అనిపించింది.

పొద్దుటి నుంచి ఫారంలో వివరణ రాయాల్సిన గడి ముందే కూర్చున్నాను. మొదటిసారి "స్నేహితుల బలవంతం మీద" అని మొదలుపెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. తుడిచేశాను. రెండోసారి "పరిమితి కంటే కేవలం 0.01 ఎక్కువ" అని రాశాను. ఆ "కేవలం" దగ్గర ఆ పెద్దాయన ముఖం గుర్తొచ్చింది. అదీ తీసేశాను. మూడోసారి అయిదు వాక్యాలు మిగిలాయి: తాగాను, నడిపాను, పట్టుబడ్డాను, శిక్ష పూర్తి చేశాను. ఆ తర్వాత మరే కేసూ లేదు. చదువుకుంటే పొట్టిగా ఉంది. అయినా అందులో ఏ మాటనూ నేను ఎవరి ముందూ సమర్థించుకోనక్కర్లేదు.

దాన్ని అలాగే ఉంచి, అక్కడ తెల్లవారేదాకా ఆగి, సాయంత్రం నాన్నకు ఫోను చేశాను. అమ్మకు ఇవ్వద్దని ముందే చెప్పాను. "నాన్నా, నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక తప్పు చేశాను" అని మొదలుపెట్టి, ఆగకుండా అంతా చెప్పేశాను. తాగడం, అరెస్టు, ఆ రాత్రి స్టేషన్‌లో ఉండటం, కోర్టు. అటువైపు గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపు మాట్లాడలేదు.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు నాన్నా."

"మర్నాడు గదికి ఎలా వెళ్ళావు?"

ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. నడిచి వెళ్ళానని చెప్పాను. రెండు గంటలు నడిచాను, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక. "ఎవరికీ ఫోను చేయలేదా?" అన్నారు. చేయలేదన్నాను. "నాకు చేయాల్సింది" అన్నారు. గొంతు మారింది. నాకూ మాట రాలేదు.

కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడ్డారు కూడా, కొంచెంసేపటికి, తాగి బండెక్కినందుకు. ఆ తిట్లు నాకు అందాల్సినవే, ఆలస్యంగా అందాయి. తర్వాత ఉన్నట్టుండి ఆయనలోని పాత గుమస్తా గొంతు వచ్చింది.

"ఫారంలో అన్నీ రాశావా? కోర్టు కాగితాలు ఎదురుగా పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

"తేదీలు కాగితం చూసి రాయి. గుర్తున్నదాన్ని బట్టి రాయకు."

ఫోను పెట్టేశాక ఆ పాత దస్త్రం మళ్ళీ విప్పాను. జరిమానా రసీదు మీద అక్షరాలు సగం వెలిసిపోయాయి. పోలీసు కాగితం మాత్రం చక్కగా ఉంది. నేను ఫారంలో 2011 మే 20 అని వేశాను, విందు జరిగిన శుక్రవారం. కాగితం మీద అర్ధరాత్రి దాటాక 12 గంటల 25 నిమిషాలు, మే 21 అని ఉంది. దిద్దాను.