రానొక్ మూర్ దాటిన రోజు

మే మొదటి వారంలో స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియమ్‌లో గది కావాలంటే జనవరిలోనే మాట్లాడుకోవాలి. నేను మార్చిలో వెతికాను. చివరికి ఊరికి పదిహేను మైళ్ల అవతల దొరికింది. మంచం పక్కన సూట్‌కేసు పెడితే ఇక నడవడానికి చోటుండదు, అద్దె రాత్రికి 140 పౌండ్లు. ఆరు రోజుల పోటీకి ఎనిమిది రాత్రులు. లెక్క కట్టుకుంటే కడుపు మండిపోయింది. అయినా డబ్బు కట్టేశాను. స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే ఈ మోటార్‌సైకిల్ పోటీలో చోటు దొరకడం గది దొరకడం కన్నా కష్టం మరి. మూడు వందల మందిని కూడా తీసుకోరు, అడిగేవాళ్లు అంతకన్నా ఎక్కువ, అందుకని పేర్లు లాటరీ వేస్తారు. రెండేళ్లు నా పేరు రాలేదు. మూడో ఏడు వచ్చింది.

బండి పోటీ అనగానే మనవాళ్లు ఎంత స్పీడు అని అడుగుతారు. ట్రయల్స్‌లో స్పీడుకు విలువ లేదు. బండరాళ్ల మీదా, వాగుల్లోనూ, నిట్టనిలువు గట్ల మీదా కొంత మేర హద్దులు గుర్తుపెట్టి వదులుతారు. దాన్ని సెక్షన్ అంటారు. ఆ హద్దుల మధ్య కాలు కింద పెట్టకుండా బండిని దాటించాలి. ఒకసారి పాదం ఆనితే ఒక పాయింటు, రెండుసార్లయితే రెండు, ఆపైన ఎన్నిసార్లయినా మూడు. పడిపోయినా, హద్దు దాటినా ఐదు. ఎవరికి తక్కువ పాయింట్లు వస్తే వాళ్లదే గెలుపు. పక్కన నిలబడిన అబ్జర్వర్ పిడికిలి బిగించి చూపించాడంటే క్లీన్, సున్నా అన్నమాట. ఆ పిడికిలి కోసమే మేం బతుకుతాం.

మా నాన్న లూనా మీద పాల క్యాన్లు కట్టుకుని వరి మళ్ల గట్టు మీద వచ్చేవాడు. గట్టు వెడల్పు మూరెడు. రెండు వైపులా నీళ్లు. కాలు దించితే బురద, పాలు ఒలుకుతాయి. చూపు ముందుకే పెట్టేవాడు, చక్రం వైపు చూసేవాడు కాదు. నేను ట్రయల్స్ నేర్చుకున్నప్పుడు మొదటి రోజే నాకు నేర్పినవాళ్లు చెప్పిన మాట కూడా అదే, చక్రం వైపు చూడకు అని.

సోమ, మంగళవారాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రోజుకు 30 సెక్షన్లు, దాదాపు వంద మైళ్ల దారి, తడిసిన చేతి తొడుగులు. బండికి సీటు ఉండదు కాబట్టి వంద మైళ్లూ నిలబడే. సాయంత్రం బండిని అప్పగించాలి, పొద్దున మళ్లీ అక్కడే తీసుకోవాలి. రాత్రంతా కూర్చుని బాగుచేసుకుంటాం అంటే కుదరదు. రెండో రోజుకే అరచేతుల్లో బొబ్బలు చితికి, క్లచ్ పట్టుకునే రెండు వేళ్లూ పొద్దున లేచేసరికి ముడుచుకుపోయి ఉన్నాయి. వేడినీళ్లలో పెట్టి ఒక్కొక్కటే తెరిచాను.

నేను రాయాలనుకున్నది మూడో రోజు గురించి.

ఆ రోజు ఫెర్సిట్ అనే పల్లె దాటాక కొరౌర్ రైల్వే స్టేషన్ వైపు రానొక్ మూర్ అనే చిత్తడి బయలు మీదుగా వెళ్లాలి. అక్కడికి కారు వెళ్లే రోడ్డు లేదు. రైలెక్కి రావాలి, లేదా నడిచి రావాలి. మేం మాత్రం జెండాలు చూసుకుంటూ చిత్తడిలో పడి వెళ్లాలి. సెక్షన్‌లో పాయింట్లు పోతాయి గానీ మనిషి పోయేది ఈ సెక్షన్ల మధ్యనే. అక్కడ అబ్జర్వర్ ఉండడు, చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. గడియారం మాత్రం ఆగదు, ఆలస్యమైతే దానికీ పాయింట్లు వేస్తారు.

ముందు వెళ్లినవాళ్ల జాడలు నల్లగా పిసికిన పిండిలా ఉన్నాయి. వాటి పక్కనే పచ్చగా, మెత్తగా, తివాచీ పరిచినట్టున్న చోటు కనిపించింది. అటు తిప్పాను. ముందు చక్రం దిగింది, వెనకది దాని వెంటే దిగింది. థ్రాటిల్ ఇచ్చిన కొద్దీ ఇంకా కిందికి. నిమిషంలో ఇంజను సగం వరకూ మునిగింది.

మన రేగడి బురద కాలికి అంటుకుని వదలదు, కానీ దానికి అడుగంటూ ఉంటుంది. ఎంత దిగినా ఎక్కడో ఒకచోట గట్టి నేల తగులుతుంది. పీట్ అనే ఈ కుళ్లిన నాచు మట్టికి అడుగు తగల్లేదు. నల్లటి టీ పొడి నానబెట్టినట్టు ఉంది, చల్లగా, పుల్లటి వాసనతో. బండి 70 కిలోలే గదా అని లాగాను. బురద దాన్ని మళ్లీ లోపలికి పీల్చుకుంది. నా మోకాళ్లు కూడా దిగాయి. నలుగురైదుగురు దూరంగా వేరే జాడలో వెళ్లిపోయారు. నా కేక గాలికి కొట్టుకుపోయింది. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అప్పుడు ఒక పెద్దాయన ఆగాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. తన బండిని గట్టిగా ఉన్న గోధుమ రంగు పొదల మీద పడుకోబెట్టి నడుచుకుంటూ వచ్చాడు.

"చక్రం తిప్పకు. ఇంజను ఆపు," అన్నాడు మొదట. "పచ్చగా ఉంటే నీళ్లు. గోధుమ రంగుగా ఉంటే నేల. ఇది గుర్తుంచుకో."

బండిని పైకి లాగలేదు ఆయన. పక్కకు వంచి పడుకోబెట్టాడు. బురద పట్టు సడలి, లోపల్నుంచి గాలి వచ్చిన చప్పుడైంది. నడుముకు కట్టుకున్న పాత కారు సీటు బెల్టు ముక్క విప్పి, ముందు చక్రానికి మెలేసి కట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరం మూరెడు మూరెడుగా పక్కకి లాగాం. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆయన గడియారం కూడా తిరుగుతూనే ఉంది. ఆ మాటే అన్నాను.

"మీకు పాయింట్లు పడతాయి, మీరు వెళ్లండి."

"పడనీ," అని బెల్టు ఇంకో చుట్టు చుట్టాడు.

దూరంగా రైలు వెళ్తోంది, రెండు పెట్టెలు. ఆయన గడ్డంతో అటు చూపించాడు. 1894లో ఆ లైను తెరిచారట. ఇక్కడ నేల దొరక్క చెట్ల వేళ్లూ, కంపా, మట్టీ, బూడిదా పరిచి దాని మీద పట్టాలు వేశారు. "అది ఇప్పటికీ తేలుతూనే ఉంది. నీ బండి ఎంత?" అన్నాడు.

ఊపిరి తీసుకోవడానికి కూర్చున్నప్పుడు తన చిన్నప్పటి సంగతి చెప్పాడు. సామీ మిల్లర్ అనే పేరున్న రైడర్ 1964లో బరువైన ఇంగ్లిష్ బండి ఏరియల్ మీద ఇదే పోటీ గెలిచి, మరుసటేడు స్పెయిన్ వాళ్ల తేలికపాటి బుల్టాకో మీద మళ్లీ గెలిచాడు. ఆ బుల్టాకోని రోడ్డు పక్కన నిలబడి చూశాడట ఈయన, తండ్రి భుజాల మీద ఎక్కి. ఇంగ్లిష్ బండ్ల పని అయిపోయిందని తండ్రి ఆ సాయంత్రం అన్నం ముట్టలేదట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన మొహం మీద బురద ఎండి పగుళ్లిచ్చింది.

బ్లాక్‌వాటర్ రిజర్వాయర్ పక్కగా దిగి కిన్‌లాక్‌లెవెన్ ఊరు చేరేసరికి ఆలస్యం లెక్కలోకి వచ్చేసింది. అక్కడ పైప్‌లైన్ అనే సెక్షన్ ఉంది. పైనున్న రిజర్వాయర్ నీళ్లను ఒకప్పుడు అల్యూమినియం ఫ్యాక్టరీకి తెచ్చిన గొట్టాల పక్కనే, నిట్టనిలువుగా రాళ్ల ఎక్కుడు. ఫ్యాక్టరీ 2000లో మూతపడింది, సెక్షన్ మాత్రం ఉంది. చేతులు వణుకుతూనే ఎక్కాను. సగంలో ఒకసారి కాలు పెట్టాను. ఒక పాయింటు. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చిన పాయింటు అదే.

గదికి వెళ్లాక చూస్తే ఆ బెల్టు ముక్క నా సంచిలో ఉంది.

గురు, శుక్రవారాల్లో ఆయన బండి నంబరు కోసం వెతికాను. గురువారం ఓ సెక్షన్ క్యూలో దూరంగా కనిపించాడు. శుక్రవారం కనిపించలేదు. గేరుబాక్సు పోయిందని ఎవరో చెప్పారు.

శనివారం బెన్ నెవిస్ కొండ దగ్గర జనం ఎక్కువ. నేను సెక్షన్‌లోకి వెళ్లాను, మూడో రాయి దగ్గర తడబడ్డాను, మూడు పాయింట్లతో బయటపడ్డాను. పైన హెల్మెట్ తీస్తుంటే పక్కన ఎవరో గొంతు సవరించుకున్నారు. మామూలు బట్టల్లో, చేతిలో ఫ్లాస్కుతో ఆయనే.

"రెండో రాయి దగ్గరే క్లచ్ వదలాల్సింది. నువ్వు మూడోదాని దాకా ఆగావు," అన్నాడు.

సంచిలోంచి బెల్టు ముక్క తీసి ఇచ్చాను. రెండు రాత్రులు గదిలో హీటరు మీద ఆరబెట్టాను దాన్ని. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "సబ్బుతో ఉతికావా?" అని అడిగాడు. అవునన్నాను. నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేసుకుని, ఫ్లాస్కు మూతలో నాకు టీ పోశాడు.