మనం ఎవరి లెక్కలోకి వస్తాం?

భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌ని ఎక్కువగా వదిలే దేశాల్లో చైనా, అమెరికా తర్వాత ఇండియాది మూడో స్థానం. మేముండే డాలస్‌లో మా అమ్మాయికి స్కూల్లో ఇది చెప్పారు. తలకి ఎంత పడుతుందో మాత్రం చెప్పలేదు. దాంతో వీడియో కాల్‌లో మా చిన్నమ్మని పట్టుకుని, "మీరింకా బొగ్గెందుకు కాలుస్తున్నారు అమ్మమ్మా?" అని అడిగేసింది. చిన్నమ్మ వాళ్లది మిర్యాలగూడ దగ్గర. 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఆ పక్కనే, దామరచర్ల మండలంలో ఉంది. "కరెంటు లేకుంటే బోరెట్ల నడవాలె బిడ్డా?" అందామె.

ఫోన్ పెట్టేశాక కరెంటు బిల్లుల సంగతి ఎత్తాను. తెలంగాణలో 2024 నుంచి తెల్ల కార్డున్న ఇళ్లకి నెలకి 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. దాటితే బిల్లు కట్టాల్సిందే. అందుకని చిన్నమ్మ మే నెలలో కూడా మీటరు చూసుకుంటూ కూలర్ వేస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలు, మళ్లీ పడుకునే ముందు కాసేపు. డాలస్‌లో మా ఇంటికి జులైలో 2,000 యూనిట్లు దాటుతాయి. అక్కడి ఎండ మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది: 2015 వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. ఎండలో పని మానుకోలేని కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ.

అమెరికాలో మనిషి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 14 టన్నులు, ఇండియాలో 2 టన్నులు. పారిశ్రామిక విప్లవం నుంచి గాల్లో కలిసిన మొత్తంలో అమెరికాది పావు వంతు, ఇండియాది 3 శాతం చిల్లర. పొట్టకూటికి వరి పండించే రైతు పొలంలోంచి వచ్చే, భూమిని వేడెక్కించే మరో వాయువు మీథేన్‌ని, సంపన్న దేశాల కార్ల పొగని ఒకే గాటన కట్టొద్దని మన దేశపు పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే వాదించారు. బతకడానికి వదిలేది వేరు, విలాసానికి వదిలేది వేరు అన్నారు. మిర్యాలగూడ చుట్టూ అంతా వరే కాబట్టి ఆ మాట మా అమ్మాయికి వెంటనే ఎక్కింది.

"అయితే తప్పు మనది కాదన్నమాట!" అంది. ఇక్కడే ఆపాల్సి వచ్చింది. ఆ వాదన చిన్నమ్మది, మనది కాదు. మనం ఉంటున్నది 14 టన్నుల వైపు. ఇక్కడి తెలుగువాళ్ల పార్టీల్లో "పాడు చేసింది పాశ్చాత్య దేశాలేగా" అన్న మాట తరచూ వింటుంటాను. ఏసీ హాల్లో కూర్చుని, పెద్ద పెద్ద బండ్లు బయట పార్క్ చేసి అంటాం. పుట్టిన ఊరి పేదరికాన్ని మన వాటాకి అడ్డం పెట్టుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

తను ఇంకొకటి అడిగింది. డాలస్ నుంచి హైదరాబాద్ వెళ్లొస్తే ఒక్కొక్కరి మీద పడే కార్బన్, ఇండియాలో సగటు మనిషి ఏడాదంతా వదిలేంత ఉంటుంది. మరి అమ్మమ్మని చూసి రావడం అవసరమా, విలాసమా? నా దగ్గర సరైన జవాబు లేదు. ఈ వేసవికి టికెట్లు మాత్రం తీసుకున్నాం. పెరట్లో స్విమ్మింగ్ పూల్ వద్దన్నాను, ఎందుకో కూడా చెప్పాను. తను ఇంకా ఒప్పుకోలేదు.