ఈసారి ఎంతమంది వస్తున్నారు?

నిన్న రాత్రి పదకొండున్నరకి మా మాస్టర్స్ అథ్లెటిక్స్ పోటీల ఎంట్రీల జాబితా వచ్చింది. వారం రోజులుగా దీనికోసమే చూస్తున్నాను, పొద్దున లేవగానే ఫోన్ తీయడం, మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి, ఇంట్లో వాళ్లకి విసుగొచ్చేంతగా. తెరవగానే అందరూ చేసే పనే నేనూ చేశాను, ముందు నా పేరుందో లేదో చూసుకున్నాను. ఉంది, పుట్టిన తేదీ కూడా సరిగ్గానే పడింది. ఆ తర్వాత నా పేరు వదిలేసి, చుట్టూ ఎవరెవరున్నారో ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. షాట్‌పుట్‌లో తొమ్మిది మంది. డిస్కస్‌లో ఏడుగురు. 200 మీటర్లలో పదకొండు మంది! మా ఎం-60 గ్రూపులో, అంటే 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లలో, పదకొండు పేర్లు ఒకేచోట చూసి చాలా ఏళ్లయింది, నిజంగా కడుపు నిండిపోయింది.

మాస్టర్స్ అథ్లెటిక్స్ గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. 35 ఏళ్లు నిండినవాళ్లెవరైనా ఇందులోకి రావచ్చు, అక్కడి నుంచి ఐదేళ్లకొక గ్రూపు, 35, 40, 45 అలా వందేళ్లు దాటినవాళ్ల దాకా ఉంటాయి. మొదట్లో మగవాళ్లకి 40 నుంచి ఉండేది, ఆడవాళ్లకి మాత్రం 35 నుంచే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటిసారి 1975లో టొరంటోలో జరిగింది. అంత పెద్ద పోటీకి కూడా ఇన్ని సెకన్లలో పరిగెత్తితేనే రావాలన్న షరతు లేదు, మీ దేశ సంఘం ద్వారా పేరు నమోదు చేసుకుంటే చాలు. 2018లో స్పెయిన్‌లోని మలగాలో 8,000 మందికి పైగా వచ్చారు. అంతమందిలో జీవితంలో ఒక్కసారి కూడా మెడల్ మొహం చూడనివాళ్లే ఎక్కువ, అయినా సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని, మేకులున్న స్పైక్స్ బూట్లు సంచిలో వేసుకుని బయల్దేరి వస్తారు. మా పోటీలన్నీ వాళ్ల మీదే నడుస్తాయి.

నాకు ఈసారి ఇంకో హుషారు కూడా ఉంది. పోటీ మొదలయ్యే రోజుకి ఎన్నేళ్లు నిండితే ఆ గ్రూపులోకి వెళ్తాం, నాకు సరిగ్గా దానికి తొమ్మిది రోజుల ముందు 60 నిండుతాయి. బయట ఎవరికైనా అరవై వస్తోందంటే అయ్యో అప్పుడేనా అంటారు, మా దగ్గర ఎవరికైనా వచ్చే నెల 60 అని తెలిస్తే ఎం-60 వాళ్లందరికీ టెన్షన్ మొదలవుతుంది, కుర్రాడు వస్తున్నాడు జాగ్రత్త అని! గ్రూపులో మొదటి ఏడాదిలో ఉన్నవాడికి, ఆఖరి ఏడాదిలో 64తో ఉన్నవాడికి మధ్య తేడా పరుగులో ఇట్టే తెలిసిపోతుంది. పోయిన రెండేళ్లూ ఎం-55లో ఆ 58, 59 వాడిని నేనే, పరిగెత్తినప్పుడల్లా ముందు వెళ్లే వీపుల్నే చూశాను.

60 నుంచి విసిరేవాటి బరువు కూడా మారుతుంది. మగవాళ్లకి 50 నుంచి 59 దాకా షాట్‌పుట్ గుండు 6 కిలోలు, 60 నుంచి 69 దాకా 5. డిస్కస్ కిలోన్నర నుంచి కిలోకి దిగుతుంది. ఒక కిలో తగ్గింది కాబట్టి దూరం దానంతటదే పెరుగుతుందని చూసేవాళ్లు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. మొదటి రోజు 5 కిలోల గుండు తీసుకుని మెడకి ఆనించగానే వేళ్ల మధ్య ఏదో వెలితిగా అనిపించింది, గుండు కూడా కాస్త చిన్నది కదా. వృత్తంలో వెనక్కి తిరిగి నిలబడి, వంగి, జారుతూ వచ్చి విసిరాను. పదేళ్లుగా ఆరు కిలోలకి అలవాటుపడ్డ చెయ్యి నడుం తిరగకముందే తోసేసింది, గుండు కుడివైపు గీత దాటి గడ్డిలో పడింది. మళ్లీ వేశాను, మళ్లీ అక్కడే. పది వేస్తే ఆరు ఫౌల్. ఎడమ కాలు గట్టిగా నాటి, నడుం ముందుకొచ్చి, ఛాతీ పూర్తిగా ఎదురు తిరిగాకే చెయ్యి కదలాలని ముప్పై ఏళ్ల క్రితం నేర్చుకున్నదే, దాన్ని మళ్లీ మొదటి నుంచి ఒంటికి చెప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. మొన్న సాయంత్రం ఒక్కటి మాత్రం చక్కగా కుదిరింది, చూపుడువేలు, మధ్యవేలు చివర్ల నుంచి గుండు వదిలినప్పుడు చిన్న చురుకు తగులుతుందే, అది తగిలింది. ఎంత దూరం పడిందో కొలవాలని కూడా అనిపించలేదు.

ఈ పొద్దున ఆరింటికల్లా మా పెద్దాయన ఫోన్. ఆయనకి 78, నన్ను షాట్‌పుట్ వృత్తంలోకి మళ్లీ లాక్కొచ్చింది ఆయనే. ఫోన్‌లో ఆ చిన్న అక్షరాలు ఆయనకి కనపడవు, జాబితా వచ్చిందంటే చదివి చెప్పాల్సింది నేనే.

"ఎంతమంది తమ్ముడూ?"

"మా దాంట్లో తొమ్మిది మంది అన్నగారూ."

"నీది కాదయ్యా, నాది."

ఎం-75 షాట్‌పుట్‌లో రెండే పేర్లు. ఒకటి ఆయనది, రెండోది పద్నాలుగేళ్లుగా ఆయనతో పోటీపడుతున్న మనిషిది. చెప్పాను. కాసేపు అటువైపు మాట లేదు. "మోకాలు బాగాలేదన్నాడు మొన్న. వస్తాడంటావా?" అన్నాడు. నేనేం చెప్పను? పేరైతే ఉంది అన్నగారూ, అన్నాను.

ఆయన బెంగ ఏమిటో నాకు తెలుసు. అవతలివాడు రాకపోతే గోల్డ్ మెడల్ ఆయనదే, మెడలో వేస్తారు, ఫోటో తీస్తారు. అలాంటి మెడల్ ఒకటి ఇంతకుముందు ఆయనకి వచ్చింది, వృత్తం దగ్గర ఒక్కడే నిలబడి, ఒకటి వేసి కూర్చుని, రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని, మళ్లీ లేచి ఇంకోటి వేసి, అలా ఆరు వేశాడు. పక్కన "ఇప్పుడు నీ వంతు" అనే మనిషి లేడు. ఆ రోజు ఆయన వేసిన దూరం, పోటీ ఉన్న రోజు వేసేదానికంటే దాదాపు మీటరు తక్కువ. ఎదుటివాడి గుండు మన గుర్తు దాటి పడితే, మన తర్వాతి త్రోకి ఎక్కడి నుంచో ఒక బలం వస్తుంది, మైదానంలో నిలబడ్డవాడెవడికైనా ఇది తెలుసు.

ఒక్కరే దిగినా ఆ పరుగుకి విలువ లేదని నేననను. మన దేశపు మన్ కౌర్ గారి సంగతి చూడండి. 93 ఏళ్ల వయసులో కొడుకు చెప్పాడని పరుగు మొదలుపెట్టింది, 2017లో ఆక్లాండ్‌లో వరల్డ్ మాస్టర్స్ గేమ్స్ జరిగినప్పుడు ఆమెకి 101. వందేళ్లు దాటిన ఆడవాళ్ల 100 మీటర్లలో పేరిచ్చింది ఆమె ఒక్కతే. 74 సెకన్లలో పూర్తి చేసింది. ఆమె పక్కన ఎవరూ లేకపోవడానికి ఆమె చేసిందేమీ లేదు, అందరికంటే ముందు అక్కడికి చేరుకుంది, అంతే. 2022లో ఫిన్లండ్‌లోని టాంపెరేలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన దేశానికే చెందిన 94 ఏళ్ల భగవానీ దేవి గారు 100 మీటర్లు 24.74 సెకన్లలో పరిగెత్తి గోల్డ్ తెచ్చుకుంది, షాట్‌పుట్‌లో బ్రాంజ్ కూడా. కెనడాకి చెందిన ఓల్గా కోటెల్కో 77 ఏళ్లకి మొదలుపెట్టి 95 ఏళ్లకి చనిపోయేదాకా మైదానం వదల్లేదు. వీళ్లని చూసి ఇంకో నలుగురు పేరిచ్చారు, ఆ నలుగురిని చూసి మరికొందరు. ఇవాళ ఎనభై దాటిన ఆడవాళ్ల గ్రూపుల్లో కనిపిస్తున్న పేర్ల వెనక ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.

అందుకే "ముగ్గురే ఉన్నారటగా, అయితే నీకు మెడల్ వచ్చినట్టే" అని ఎవరైనా నవ్వుతూ అంటే నాకు కోపం వస్తుంది. ఆ ముగ్గురూ రావడానికి ఏమేం దాటుకుని వచ్చారో తెలుసా? ఒకరికి మోకాలు, ఇంకొకరికి ఇంట్లో మంచానపడ్డ మనిషి, మరొకరికి రెండేళ్ల కిందట గుండె ఆపరేషన్. ఆడవాళ్ల గ్రూపుల్లో అయితే ఇంకా కష్టం, ఈ వయసులో నీకు పొట్టి నిక్కరు అవసరమా అనే మాట దాటుకుని రావాలి. వాళ్ల ఈడువాళ్లు వందమంది ఇంట్లో కూర్చున్నారు, వీళ్లు ముగ్గురూ వచ్చారు. ఆ వచ్చినవాళ్లలో మూడోవాడికి బ్రాంజ్ మెడల్ ఇస్తే అది ఊరికే వచ్చిందని ఎలా అంటాం?

ఇంతమంది రావాలి, రావాలి అంటున్న నేను పోయినసారి 200 మీటర్ల స్టార్ట్ గీత దగ్గరికి రాలేదు. అది చెప్పకుండా ఈ పోస్ట్ ముగించడం తప్పు.

పోటీకి ఐదు రోజుల ముందు, అక్కర్లేని ఒక స్ప్రింట్ వేశాను. ఆఖరి వారం వేగం పెరిగేదేమీ ఉండదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే అని అందరికీ చెప్పేవాడిని నేనే. మనసు ఆగలేదు, ఒళ్లు తేలిగ్గా ఉంది, ఇంకొక్కటి వేద్దాం అనుకున్నాను. వంపు దాటి నేరుగా వచ్చేచోట తొడ వెనక చిన్న దారం తెగినట్టయింది. నొప్పి పెద్దగా లేదు, కానీ కాలు ముందుకు వెయ్యలేకపోయాను. ఐస్ పెట్టాను, కట్టు కట్టాను, ఎవరికీ చెప్పలేదు. ఏ ఈవెంట్‌లో దిగుతున్నామో ముందురోజు మధ్యాహ్నంలోపు కౌంటర్ దగ్గర కన్ఫర్మ్ చేయాలి, నేను కుంటుకుంటూ వెళ్లి 200కి సంతకం పెట్టి వచ్చాను, రాత్రికి తగ్గుతుందన్న ఆశతో. తగ్గలేదు. పొద్దున వార్మప్‌లో నాలుగు అడుగులు వేసి ఆగిపోయాను.

నా గ్రూపులో ఆ రోజు పదిమంది కన్ఫర్మ్ చేశారు. ట్రాక్ మీద ఎనిమిది లేన్లే, కాబట్టి ముందు రెండు జట్లుగా వడపోత పరుగులు (హీట్లు), సాయంత్రం ఫైనల్. తీరా చూస్తే నేనూ రాలేదు, ఇంకొకాయనా రాలేదు. మేమిద్దరం ముందురోజే మానేస్తున్నామని చెప్పి ఉంటే మిగిలిన ఎనిమిది మందికి హీట్ల పనే లేదు, నేరుగా ఫైనల్ పరిగెత్తేవాళ్లు. యాభై దాటినవాళ్లకి ఒకే రోజు రెండు 200లు అంటే చిన్న విషయం కాదు. ఫైనల్లో ఒకాయన పిక్క పట్టేసి 150 దగ్గర ఆగిపోయాడు. ఆయన హీట్‌లో నా ఖాళీ లేన్ పక్కనే పరిగెత్తాడని తర్వాత తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, మంచినీళ్ల బాటిల్ ఇచ్చి నీ తొడ ఎలా ఉంది అని అడిగాడు. ఫలితాల కాగితం మీద నా పేరు పక్కన టైమ్ ఉండాల్సిన చోట డీఎన్ఎస్ అని మూడు అక్షరాలు, అంటే బరిలోకి దిగలేదని. ఏడాది గడిచినా ఆ కాగితం కళ్ల ముందు నుంచి పోలేదు.

కాబట్టి పేరిచ్చినవాళ్లందరినీ అడుగుతున్నాను. రాగలిగితే తప్పకుండా రండి, టైమ్ బాగా రాదని, ఆఖర్న వస్తామని మానేయకండి, ఎనిమిదోవాడు ఉంటేనే ఏడోవాడు చివరి ముప్పై మీటర్లు పళ్లు బిగించి పరిగెత్తుతాడు. కాళ్లు ఆనించే స్టార్టింగ్ బ్లాక్స్ వాడాలని లేదు, వంగి స్టార్ట్ తీసుకోవాలనీ లేదు, మాస్టర్స్‌లో నిలబడి పరుగు మొదలుపెట్టొచ్చు, నడుం నొప్పి ఉన్నవాళ్లు అది గుర్తుపెట్టుకోండి. నిజంగానే రాలేకపోతే మాత్రం ముందురోజే చెప్పేయండి.

2018 మలగా తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2020లో టొరంటోలో జరగాలి, కోవిడ్ వల్ల రద్దయింది. తర్వాతిది 2022లో టాంపెరేలో. మధ్యలో నాలుగేళ్లు. ముప్పై ఆరేళ్లవాడికి నాలుగేళ్లంటే ఏముంది, 84 ఏళ్లవాడికి అది ఎంతో మీరే లెక్కేసుకోండి. మలగాలో పోటీకి ముందు అందరినీ కూర్చోబెట్టే కాల్ రూమ్‌లో బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఒకరి వీపు మీద ఒకరు పిన్నీసులతో బిబ్ (గ్రూపు రాసి ఉండే గుడ్డ) పెట్టుకుని, దాని మీద ఎం-80 అన్న అక్షరాలు సరిచేసుకున్నవాళ్లలో టాంపెరేకి ఎంతమంది రాలేకపోయి ఉంటారో. జాబితా చదివేటప్పుడు నేను ప్రతిసారీ పై గ్రూపుల దాకా వెళ్లి పేర్లు చూసేది అందుకే. పోయినసారి ఉండి ఈసారి లేని పేరు కనిపిస్తే, ఏమైందోనని ఒకరిద్దరికి ఫోన్ చేసేదాకా నిద్ర పట్టదు.

ఇది రాస్తుండగానే పెద్దాయన మళ్లీ ఫోన్ చేశాడు. అవతలాయనకి తనే ఫోన్ చేశాడట. మోకాలు వాచింది, వృత్తంలో జారుతూ వచ్చి విసరడం నావల్ల కాదు, పరువు పోతుంది, ఈసారికి వదిలెయ్ అన్నాడట ఆయన.

"మరి మీరేమన్నారు?"

"జారొద్దు, నిలబడే విసురు, నేనూ నిలబడే విసురుతాను, రా అన్నాను."

"వస్తానన్నాడా?"

"టికెట్ చేయించుకుంటున్నాడు తమ్ముడూ. సాయంత్రం నువ్వు గ్రౌండ్‌కి వస్తావుగా, 4 కిలోల గుండు తీసుకురా. నిలబడి వేసి చాలా కాలమైంది, కాస్త చెయ్యి అలవాటు చేసుకోవాలి."